ఊ పడాల్సిన చోటు

శనివారం రాత్రి.

పొద్దున విశాఖలో మద్దిలపాలెం వెళ్లే బస్సులో ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు. కిటికీ పక్కనున్నావిడ కూతురి పెళ్లిచూపుల సంగతి ఎత్తుకుంది. "అబ్బాయి మేనత్త ఏటందో తెలుసా వదినా?" అని ఆగింది. వదిన "ఊ" అంది. బొటనవేలు ఫోన్ మీద జరుగుతూనే ఉంది. మేనత్త ఏమందో చెప్పింది, మళ్లీ అదే "ఊ", అదే స్థాయిలో. ఇంకో రెండు వాక్యాలయ్యేసరికి కథ చిక్కిపోయింది. "అంతే వదినా, ఏటి చేస్తాం" అని ముగించి, కాసేపాగి మేనత్త మాటే ఇంకోసారి చెప్పి, మళ్లీ "అంతే మరి" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

వినడాన్ని మనవాళ్లు ఎంత బాగా పట్టుకున్నారో "ఊ కొట్టడం" అన్న మాటలోనే ఉంది. ఊ కొడితేనే కథ చెబుతానని అమ్మమ్మలు పెట్టే షరతు పిల్లలు నిద్రపోయారో లేదో తెలుసుకోవడానికి మాత్రమే కాదు. ఊ లేకపోతే చెప్పే నోరు నడవదు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన జానెట్ బావెలాస్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా దీని మీదే. త్రుటిలో ప్రమాదం తప్పిన అనుభవం ఒకరు చెప్పాలి, ఎదుటివాళ్లు వినాలి. కొంతమంది శ్రోతలకి మాత్రం ఒక చాటు పని పెట్టారు: చెప్పేవాళ్ల నోట ఇంగ్లీషు 'టీ' అక్షరంతో మొదలయ్యే మాటలెన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. ఆ శ్రోతలు దొరికినవాళ్లు కథ పాడుచేశారు, అదీ ముఖ్యంగా ముగింపు దగ్గర. ఠక్కున ఆపేయడం, ముగింపుని తిప్పితిప్పి చెప్పడం, ఇది ఎందుకు చెప్పానంటే అని సంజాయిషీ ఇచ్చుకోవడం. బస్సులో జరిగింది అచ్చం అదే. ఆవిడకి చెప్పడం రాక కాదు.

స్పందనలు రెండు రకాలు. ఏ కథకైనా అతికే "ఊ", "ఆఁ", తలూపడం ఒక రకం. ఆ కథకే, ఆ క్షణానికే సరిపోయే "అయ్యో", "అంతమాటందా!", కనుబొమలు పైకి లేవడం రెండో రకం. మొదట్లో మొదటి రకం చాలు, కథ పాకాన పడ్డాక రెండోది కావాలి. ధ్యాస చెదిరితే ముందు పోయేది ఈ రెండోదే, ఎందుకంటే అర్థం పట్టుకోకుండా దాన్ని నటించలేం. ఊ పడాల్సిన చోటు కూడా ఒకటుంది. చెప్పేవాళ్లు ఎక్కువసేపు అటూఇటూ చూస్తూ, మధ్యమధ్య ఒక్క లిప్తపాటు మన మొహంలోకి చూస్తారు. ఊ అక్కడ పడాలి. ఆ చూపు పైకెత్తినప్పుడల్లా మన కళ్లు ఫోన్లో ఉంటే ఎన్ని ఊలు కొట్టినా దండగ. నిజంగానే మెసేజ్ పంపాల్సి ఉంటే "ఒక్క నిమిషం వదినా, ఇది పంపేసి వింటా" అనేసి, పంపాక ఫోన్ బోర్లా పెట్టేస్తే సరి. సగం సగం వినడం కంటే అది మర్యాద.

ఎంవీపీ కాలనీ రైతుబజార్లో ఒక టమాటాలామె కొడుకుతో ఫోన్లో మాట్లాడుతోంది. "పండక్కి రాకపోయినా పర్లేదు లే నాన్నా." అవతల ఫోన్ పెట్టేసినట్టున్నాడు. ఆమె మాత్రం సర్దిన టమాటాల్నే మళ్లీ సర్దింది, పైవి కిందికి, కిందివి పైకి.

"పర్లేదు", "పర్లేదు లే", "పర్లేదు గానీ". మూడూ మూడు వేరు వేరు మాటలు. మొదటిది అనుమతి. రెండోది, "లే" దగ్గర గొంతు జారిందంటే, మనసు కష్టపెట్టుకోవడం. మూడోదాంట్లో అసలు విషయం ఇంకా రానేలేదు. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, కాదనడం చివర్నే ఉంటుంది, మనసులోది "గానీ", "లెండి", "ట", "కదా" లాంటి తోకల్లో దాక్కుంటుంది. మనం తొందరపడి కోసేదీ ఆ తోకనే. ప్రశ్నకి, జవాబుకి మధ్య జనం ఎంత విరామం ఇస్తారో 10 భాషల్లో కొలిచి 2009లో ప్రచురించారు: సగటున సెకనులో ఐదో వంతు. తెలుగు ఆ పదిలో లేదు గానీ మనవాళ్లూ అంతకంటే నిదానంగా ఉంటారనిపించదు. ఒక మాట కూడగట్టుకుని పలకడానికే అరసెకను పైచిలుకు పడుతుంది. అంటే అవతలివాళ్ల వాక్యం పూర్తవకముందే మన జవాబు వండడం మొదలైపోతుంది, ఆ వంటలో పడి చివరి రెండు అక్షరాలూ వినం. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. జవాబిచ్చే ముందు వాళ్ల చివరి మాటని అందుకుని "పర్లేదు గానీ...?" అని అక్కడే ఆగాలి. మిగతాది వాళ్లే చెప్తారు.

మధ్యాహ్నం ఒక మందుల షాపు. పెద్దాయన చేతిలో చీటీ. కౌంటర్లో అమ్మాయి చాలా ఓపిగ్గా చెప్పింది: ఈ మాత్ర పరగడుపున, తిండికి అరగంట ముందు, ఇది టిఫిన్ అయ్యాక. "అర్థమైందా బాబాయ్?" ఆయన తల పక్కకి వాల్చి ఆడించాడు. మన తల ఊపుడులో "వింటున్నాను", "సరే", "అలాగే కానీ" అన్నీ ఉంటాయి. అర్థమైందన్న హామీ మాత్రం ఉండదు. "అర్థమైందా" అని అడిగితే పదిమంది ముందు కాలేదని ఎవరంటారు? ఆ అమ్మాయికి పని తెలుసు. "ఇంటికెళ్లాక పిన్నికి ఎలా చెప్తారో నాకోసారి చెప్పండి, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను" అంది. "టిఫినయ్యాక రెండూ వేసుకోవాలని చెప్తాను" అన్నాడు. ఆమె మొత్తం మొదటికి వెళ్లలేదు. తప్పిన ఒక్క ముక్కే మళ్లీ చెప్పి, డబ్బా మీద పెన్నుతో సూర్యుడి బొమ్మ గీసి, ఇంకోసారి చెప్పించుకుంది. పరీక్ష ఆయనకి కాదు, తన చెప్పడానికి అన్నట్టు అడిగింది. అందుకే ఆయన చిన్నబోలేదు.

ద్వారకా నగర్లో ఒక గోడ మీద వ్యక్తిత్వ వికాసం పోస్టరు: మాటల విలువ 7 శాతం, గొంతు 38, హావభావాలు 55. ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది, పిల్లలు నిజమని నమ్మి మాట మీద శ్రద్ధ మానేస్తారని. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రేబియన్ 1967లో ప్రచురించిన రెండు చిన్న ప్రయోగాలని కలిపి కట్టిన లెక్క అది. ఒకదాంట్లో తొమ్మిది విడి మాటలు, రెండోదాంట్లో "బహుశా" అన్న అర్థమొచ్చే ఒకే ఒక్క మాట. ఇష్టమా అయిష్టమా అన్నది ఎలా పసిగడతామన్నదే అక్కడ ప్రశ్న. అన్ని మాటలకీ వర్తించదని ఆయనే చెప్పాడు. అన్నిటికీ వర్తించేదే అయితే బీచ్‌లో బెంగాలీ టూరిస్టుల కబుర్లు మనకి 93 శాతం అర్థం కావాలి.

హావభావాలు చదవొద్దని కాదు. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పొద్దు. చేతులు కట్టుకున్నాడంటే చలేయొచ్చు. పెద్దవాళ్ల ముందు కళ్లు దించుకున్న కుర్రాడు అబద్ధమాడుతున్నాడని కాదు, అలా పెంచారు. ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో ముందు తెలియాలి, తర్వాత ఏ మాట దగ్గర మారాడో చూడాలి. మనిషికీ మనిషికీ మధ్య దూరం లెక్కలూ అంతే. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో రాసిన 45 సెంటీమీటర్ల ఆంతరంగిక హద్దు, అంటే బాగా దగ్గరివాళ్లనే రానిచ్చే దూరం, ఎక్కువగా అమెరికా మధ్యతరగతి వాళ్లని చూసి వేసినది. మన ఆర్టీసీ బస్సులో భుజానికి భుజం రాసుకున్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ చూపులు కలపం.

సాయంత్రం ఆర్కే బీచ్ గట్టు మీద ఒక తండ్రీ కొడుకూ, ఇద్దరూ సముద్రం వైపే తిరిగి, మధ్యలో మురీ మిక్చర్ పొట్లం. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు ఇలా పక్కపక్కన వస్తాయి. "ఈసారి ఆ పరీక్ష రాయను నాన్నా" అన్నాడు కుర్రాడు. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో తరగతి గదుల్లో చూసినదాని ప్రకారం టీచర్లు ప్రశ్న అడిగి ఒక్క సెకను ఆగేవారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి. ఆ తండ్రి మూడు సెకన్లు దాటి ఆగాడు. ఒక అల వచ్చి వెనక్కి వెళ్లింది. పొట్లం కొడుకు వైపు జరిపి, "ఊ" అన్నాడు.

"రాయలేనని కాదు గానీ..." అన్నాడు కుర్రాడు.