తదామి లైనులో పదకొండేళ్ల తర్వాత మళ్లీ నిలబడ్డ వంతెనలు

జపాన్ కొండల్లోని తదామి రైలు లైను మొదలయ్యే ఐజు-వాకామత్సు చేరేసరికే జేబు సగం ఖాళీ అయింది. టోక్యో నుంచి కొరియామా దాకా షింకాన్‌సెన్ బుల్లెట్ రైలుకే దాదాపు 8,000 యెన్లు, అక్కణ్నుంచి మరో బండి, రాత్రికి హోటలు. ఇంతా చేసి తెల్లవారి ఆరింటి బండే ఎక్కాలి. అది దాటిపోతే లైను చివరనున్న కొయిదె దాకా పోయేది మళ్లీ మధ్యాహ్నమే. 135.2 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు! విసుగుతోనే ఎక్కి కూర్చున్నాను.

ఒంటి లైను, డీజిలు పెట్టెలు. పొలాలు దాటి కొండల్లోకి వెళ్లాక తదామి నది మొదటి వంతెన వచ్చింది. డ్రైవరు వేగం తగ్గించాడు. పచ్చటి నీళ్ల మీద పొగమంచు, పైన ఉక్కు కమాను. అందరూ ఫోటోల కోసం వెళ్లే చోటు అదే. కానీ నా మనసు పట్టుకున్నది ఆ తర్వాతి ముక్క.

ఐజు-మియాషితాలో ఒక పెద్దావిడ ఎక్కి ఎదుటి సీట్లో కూర్చుంది. సంచిలోంచి కాగితం విప్పి, యానాయిజు ఊరి అవా మంజు అనే మిఠాయి ఒకటి నా చేతిలో పెట్టింది. పైన కొర్రల ముద్ద పసుప్పచ్చగా, గింజ గింజ నోటికి తగులుతూ ఉంది. లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి పూర్ణం. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. తదామిలో కూతురు ఉందట. 2011 జూలై వరదలో వంతెనలు కొట్టుకుపోయాక, ఐజు-కావగుచిలో రైలు దిగి బస్సెక్కాల్సి వచ్చేదట. మంచు కాలంలో ఆ బస్సు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదంది.

ఆ తెగిన ముక్క 27.6 కిలోమీటర్లు. ఎక్కేవాళ్లు కొద్దిమందే, బాగుచేయడానికి దాదాపు 900 కోట్ల యెన్లు. బస్సే చాలనే మాట గట్టిగానే నడిచింది. చివరికి పట్టాలు అక్కడి ఫుకుషిమా ప్రాంత ప్రభుత్వం తీసుకుంది, బండ్లు జేఆర్ ఈస్ట్ అనే రైల్వే కంపెనీ నడుపుతోంది. 2022 అక్టోబరు 1న మళ్లీ మొదలైంది. టిక్కెట్ల డబ్బుతో ఇది ఎప్పటికీ గిట్టదు. గిట్టకపోయినా నిలబెట్టారు, అది నాకు నచ్చింది.

మాది ఎస్.కోట. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికే 1960ల్లో మా కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. చిన్నప్పుడు అరకు వెళ్తుంటే, ఖనిజం బండికి దారిచ్చేందుకు మా ప్యాసింజరు బొద్దవరలో ఆగి ఆగి ఉండేది. అమ్మ పులిహోర పొట్లం అక్కడే విప్పేది. ఆ ఖనిజం చేరిన దేశంలో, కొండ ఊళ్ల మనుషుల కోసమే మళ్లీ వేసిన పట్టాల మీద వెళ్తుంటే మా బొద్దవర ప్లాట్‌ఫారమే కళ్లలో మెదిలింది. మన కొండ లైన్లలో కూడా మనుషుల బండికి ఈపాటి విలువ ఇస్తే ఎంత బాగుండు!

తదామిలో పెద్దావిడ దిగిపోయింది. తర్వాత 6,359 మీటర్ల రొకుజురిగోయె సొరంగం, ఆవల నీగాతా ప్రాంతం. చలికాలంలో పైన రోడ్డు మూసేస్తారు. మంచు మరీ ముదిరితే ఈ రైలూ ఆగుతుంది, కాబట్టి అప్పుడు వెళ్లేవాళ్లు ముందుగా కనుక్కుని బయల్దేరండి. నేనైతే అక్టోబరు చివర, ఆకులు ఎర్రబడే రోజుల్లో మళ్లీ వెళ్తాను. యానాయిజులో దిగి వేడి మంజు కొనుక్కోవాలి.