మెయిన్స్ జీఎస్-3: ప్రత్యేక పోలీసు దళాల టాపిక్ నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా తెలుగు మీడియంలో రాసేవాళ్లకు ఇది రాస్తున్నాను. జీఎస్ (జనరల్ స్టడీస్) మూడో పేపర్ సిలబస్ చివర్లో భద్రతా దళాలు, సంస్థలు, వాటి బాధ్యతలు అని ఒక్క లైన్ ఉంటుంది. కోచింగ్ నోట్సుల్లో దీనికి దళం పేరు, పుట్టిన ఏడాదితో ఒక పట్టిక ఇస్తారు: ఎన్‌ఎస్‌జీ (కేంద్ర కమాండో దళం) 1984, గ్రేహౌండ్స్ (నక్సలైట్లపై పోరాటానికి ఉమ్మడి ఏపీ పెట్టిన పోలీసు దళం) 1989, ఆక్టోపస్ (ఉమ్మడి ఏపీ ఉగ్రవాద వ్యతిరేక దళం) 2007, కోబ్రా (అడవి పోరాటానికి కేంద్ర బలగం సీఆర్పీఎఫ్ పెట్టిన దళం) 2008. ప్రిలిమ్స్‌కు అది చాలు. మెయిన్స్‌లో మాత్రం ఆ దళాలు ఎందుకు గెలుస్తాయి, ఎక్కడ దెబ్బతింటాయి, రాష్ట్ర పోలీసుల సామర్థ్యం ఎలా పెంచాలి అన్నదే రాయాలి. పట్టిక అక్కడ అక్కరకు రాదు.

విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఈ టాపిక్ మొదలుపెట్టినప్పుడు నేను ఒక వరస పెట్టుకున్నాను. ముందు వైఫల్యం చదవాలి, తర్వాత దళం చదవాలి. ఏ దళాన్ని తీసుకున్నా దాని వెనకాల పోయిన ప్రాణాలు ఉంటాయి. అవి చదివితే ఆ దళానికి ఏ శిక్షణ, ఏ పరికరం, ఏ నియమం ఎందుకు వచ్చిందో దానంతటదే అర్థమవుతుంది.

ఉదాహరణకు 1972 మ్యూనిక్ ఒలింపిక్స్. అక్కడ పాలస్తీనా మిలిటెంట్లు ఇజ్రాయెల్ క్రీడా బృందంలోని వాళ్లను బందీలుగా పట్టుకున్నారు. బందీలను విడిపించడానికి ఎయిర్‌ఫీల్డ్ దగ్గర జర్మన్ పోలీసులు ఐదుగురిని స్నైపర్లుగా పెట్టారు. వాళ్లెవరికీ ఆ పనిలో ప్రత్యేక శిక్షణ లేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి రేడియోలు లేవు. ఎదురుగా ఉన్న మిలిటెంట్లు ఎనిమిది మంది. మొత్తం 11 మంది ఇజ్రాయెల్ క్రీడా బృంద సభ్యులు చనిపోయారు. కొద్ది వారాల్లోనే పశ్చిమ జర్మనీ ఉగ్రవాద వ్యతిరేక దళం జీఎస్‌జీ-9ను ఏర్పాటు చేసింది. 1977లో సోమాలియాలోని మొగదిషులో హైజాక్ అయిన లుఫ్తాన్సా విమానంలోకి అదే దళం వెళ్లి, లోపల ఉన్న బందీలందరినీ ప్రాణాలతో తెచ్చింది. మధ్యలో గడిచిన ఐదేళ్లలో ఏం జరిగిందన్నదే మన సబ్జెక్టు: మనుషుల ఎంపిక, రిహార్సల్, కమ్యూనికేషన్, ఆదేశం ఎవరిదన్న స్పష్టత.

మన దేశంలో 2008 నవంబర్ 26 ముంబై ఉగ్రదాడి తప్పకుండా చదవాలి. ఎన్‌ఎస్‌జీ కమాండోలు ఢిల్లీ వైపు నుంచి ముంబై చేరి రంగంలోకి దిగేసరికి రాత్రంతా గడిచిపోయింది. వాళ్ల నైపుణ్యంలో లోటు లేదు, లోటు దూరంలో ఉంది. అందుకే 2009లో ముంబై, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతాల్లో ప్రాంతీయ హబ్‌లు వచ్చాయి. మహారాష్ట్ర సొంతంగా ఫోర్స్ వన్ అనే కమాండో దళం పెట్టుకుంది. దీంతోపాటు తుకారాం ఓంబ్లే గురించి కూడా రాయండి. చేతిలో లాఠీ తప్ప ఏమీ లేని ఆ ఏఎస్‌ఐ ఉగ్రవాది కసబ్ తుపాకీ పట్టుకుని వదల్లేదు, తన ప్రాణం ఇచ్చి అతణ్ణి ప్రాణాలతో పట్టించాడు. ఎంత గొప్ప దళమైనా రావడానికి టైం పడుతుంది, మొదటి నిమిషాలు మాత్రం దగ్గర్లోని స్టేషన్ సిబ్బందివే. కాబట్టి సామర్థ్యం పెంచడమంటే కమాండోలకు మాత్రమే కాదు, స్టేషన్ కానిస్టేబుల్‌కు కూడా ప్రాథమిక ఆయుధ శిక్షణ, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఇవ్వడం. ఇది నా అభిప్రాయం, నా జవాబుల్లో ఎప్పుడూ రాశాను.

ఇక గ్రేహౌండ్స్. తెలుగువాళ్లం కాబట్టి దీని మీద మనం ఇంకొంచెం లోతుగా రాయగలగాలి. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ దీన్ని రూపొందించారు. 1993 జనవరిలో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు ఆయన్ని కాల్చి చంపారు. ఆయన పోయినా దళం నిలబడిందంటే అది ఒక మనిషి మీద కాక పద్ధతి మీద నడిచింది. చిన్న చిన్న బృందాలు, అడవిలో రోజుల తరబడి కాలినడక, స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి నుంచి వచ్చే కచ్చితమైన సమాచారం, వయసులో ఉన్నవాళ్లను తీసుకుని కొన్నేళ్ల తర్వాత మాతృ విభాగానికి పంపడం. ఇతర రాష్ట్రాల పోలీసులు కూడా ఇక్కడికొచ్చి శిక్షణ తీసుకున్నారు.

అదే దళం 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల రిజర్వాయర్‌లో దెబ్బతింది. లాంచీలో వస్తుండగా ఒడ్డున ఉన్న కొండల మీద నుంచి మావోయిస్టులు కాల్పులు జరిపారు. 38 మంది పోయారు, చాలామంది నీళ్లలో మునిగి. అడవిలో తిరుగులేని వాళ్లకు లాంచీలో దాక్కునే చోటే లేదు. ఈ సంఘటన గురించి చదివిన రోజు నాకు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు. మనలాంటి ఇళ్ల పిల్లలు వాళ్లు. జవాబులో దీన్ని ఒక్క వాక్యంలో రాయొచ్చు: నైపుణ్యం నేలను బట్టి ఉంటుంది, నేల మారితే శిక్షణ కూడా మారాలి. దీని పక్కనే 2010 ఏప్రిల్‌లో 76 మంది భద్రతా సిబ్బందిని బలిగొన్న తాడిమెట్ల (ఛత్తీస్‌గఢ్) మావోయిస్టు దాడి పెట్టి చదివితే, మనుషుల సంఖ్య పెంచినంత మాత్రాన బలం పెరగదని తెలుస్తుంది.

పుస్తకాల్లో దొరకనిది మా పక్కింటి బాబాయ్ దగ్గర దొరికింది. ఆయన రాష్ట్ర సాయుధ పోలీసు విభాగమైన ఏపీఎస్పీలో చేసి రిటైరయ్యారు, పాడేరు, చింతపల్లి వైపు డ్యూటీలు చేశారు. “అడవిలో మొదట నేర్చుకునేది కాల్చడం కాదమ్మా, చప్పుడు లేకుండా నడవడం, ఉన్న నీళ్లు సాయంత్రం దాకా ఉంచుకోవడం. ఇంకోటి, ఊళ్లో వాళ్ల భాష రాకపోతే నీకు ఎవరూ ఏమీ చెప్పరు” అన్నారు. కువి, కొండ దొర లాంటి ఆదివాసీ భాషలు తెలిసిన సిబ్బంది విలువ ఏ స్కీమ్ పేరు రాసినా రాదు. మీ చుట్టుపక్కల ఇలాంటివాళ్లు ఉంటే తప్పకుండా వెళ్లి మాట్లాడండి.

ఊళ్లవాళ్ల మాట వచ్చింది కాబట్టి మన ఏజెన్సీలోని వాకపల్లి గ్రామం గురించి కూడా చెప్పాలి. 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ సిబ్బంది తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేస్తూనే, దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. పోలీసు సర్వీసు కోరుకునేవాళ్లు ఇలాంటివి దాటేసి చదవకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుపై 2014లో పీయూసీఎల్ (పౌరహక్కుల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలను కూడా ఇక్కడే కలపండి. జవాబుదారీతనం లేని దళానికి ఊళ్లో సమాచారం పుట్టదు, సమాచారం లేకపోతే మిగతా శిక్షణంతా గుడ్డిగానే సాగుతుంది.

చట్టం వైపు ఎక్కువ చదవనక్కర్లేదు. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం ఐదో నివేదిక శాంతిభద్రతల గురించి, ఎనిమిదోది ఉగ్రవాదం గురించి. ఏపీ పునర్విభజన చట్టం 2014లో తొమ్మిదో సెక్షన్ మాత్రం మనకు ప్రత్యేకం: హైదరాబాద్‌లోని గ్రేహౌండ్స్ శిక్షణ కేంద్రం మూడేళ్లు ఉమ్మడిగా ఉండాలని, ఈలోగా ఏపీలో అలాంటిదే పెట్టుకోవడానికి కేంద్రం సాయం చేయాలని ఉంది. శిక్షణ కేంద్రం చేజారితే రాష్ట్రానికి ఏమవుతుందో రాయడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

విశాఖ వాళ్లకు ఇంకో మాట. మార్కోస్ నేవీ కమాండో దళం, పోలీసు దళం కాదు. వాళ్ల స్థావరం ఐఎన్‌ఎస్ కర్ణ మన భీమిలి దగ్గరే ఉంది కాబట్టి మన జవాబుల్లోకి అలవాటుగా వచ్చేస్తుంది. తీరప్రాంత భద్రత ప్రశ్నకైతే రాయండి, పోలీసు దళాల ప్రశ్నకు వద్దు. ఇంటర్వ్యూ ఫారంలో సొంత జిల్లా విశాఖ అని ఉంటే మాత్రం నేవీ, ఏజెన్సీ, గ్రేహౌండ్స్ మూడింటికీ సిద్ధంగా ఉండాలి.

రాత సాధనకు నేను పెట్టుకున్న ప్రశ్న: “రాష్ట్ర ప్రత్యేక పోలీసు దళాల సామర్థ్యం ఆయుధాల కన్నా సమాచారం, శిక్షణ, జవాబుదారీతనాలపై ఎక్కువ ఆధారపడుతుంది. చర్చించండి.” 15 మార్కులు, 250 పదాలు. బలిమెల ఒక వాక్యం, ముంబై ఒక వాక్యం, వాకపల్లి ఒక వాక్యం చాలు. మిగతా చోటంతా ఏం చేయాలన్న దానికి ఉంచండి: ఇంటెలిజెన్స్‌తో ఒకే గొలుసు, ప్రతి ఆపరేషన్ తర్వాత నిజాయితీగా సమీక్ష, స్థానిక భాషలు, స్టేషన్ స్థాయి మొదటి స్పందన, గాయపడినవాళ్లను వెంటనే తరలించే ఏర్పాటు. గడియారం పెట్టుకుని 11 నిమిషాల్లో రాసి చూడండి.