కోట తాళంచెవి ఎవరి చేతిలో?

విజయనగరంలో పిల్లలకు సోషల్ చెబుతాను. గ్రీకుల అక్రోపోలిస్, అంటే ఊళ్ళో కొండమీది కోట, పాఠం వచ్చిందంటే ఒకటే ప్రశ్న: "కొండెక్కి కోట ఎందుకండీ మాస్టారూ?" న్యాయమే. వాళ్ళెరిగిన మన కోట 1713లో చదును నేల మీద కట్టింది, నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం.

నేను నీళ్ళతో మొదలుపెడతాను. ఏథెన్స్ కొండ ఊరికన్నా సుమారు 70 మీటర్ల ఎత్తు. పడమటి వైపు తప్ప ఎక్కడానికి దారి లేదు. శత్రువు ఎక్కలేడు సరే, పైన తలదాచుకున్నవాళ్ళు ఏం తాగాలి? క్రీ.పూ. 13వ శతాబ్దంలోనే ఉత్తరం వైపు బండ పగులులోకి మెట్లు దించి, 30 మీటర్లకు పైగా లోతున నీళ్ళు పట్టారు. గోడ దాటకుండానే కుండలు నిండేవి. ఆ పని తలుచుకుంటే నాకు ఆ కొండమీది పేరున్న గుడి పార్థెనాన్ కన్నా ఎక్కువ గౌరవం కలుగుతుంది.

తర్వాత్తర్వాత గుళ్ళూ ఖజానా కూడా కొండమీదికే చేరాయి. కాబట్టి కొండ ఎవరిదైతే ఊరు వాళ్ళది. క్రీ.పూ. 508లో ఏథెన్స్ నాయకుడు ఐసాగొరస్, మరో గ్రీకు రాజ్యమైన స్పార్టా రాజు క్లియోమెనీజ్ అండతో ఏథెన్స్ మండలిని రద్దు చేయబోయి, కుదరక కొండెక్కి కూర్చున్నాడు. జనం రెండు రోజులు చుట్టుముట్టారు. మూడోరోజు స్పార్టావాళ్ళు ఒప్పందం చేసుకుని దిగిపోయారు.

థీబ్స్ అనే మరో గ్రీకు ఊరి కథ వేరు. మన పైడితల్లమ్మ సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేటప్పుడు కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం కదా. థీబ్స్‌లో ఆడవాళ్ళ పండగ కోటలోపలే జరిగేది, మగవాళ్ళకు ప్రవేశం లేదు. క్రీ.పూ. 382లో ఆ పండగనాడు మండలి కింద బజారులో కూర్చుంది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, వీధుల్లో పురుగు లేదు. లియొంటియడీజ్ అనే ఊరి పెద్దే స్పార్టా సేనాని ఫీబిడస్‌ను వెంటబెట్టుకుని థీబ్స్ కొండకోట కడ్మియా ఎక్కించి, తలుపు తాళంచెవి చేతికిచ్చాడు. కత్తి దూయకుండానే ఊరు పోయింది.

ఆజ్ఞ లేకుండా ఇంత పనిచేశాడని స్పార్టా ఫీబిడస్‌కు జరిమానా వేసింది. కోటను మాత్రం వదల్లేదు. 379లో థీబ్స్ జనం తిరగబడ్డారు. సాయం వచ్చేదాకా ఆగకుండా కొండ దిగిపోయిన సేనానికి స్పార్టా మరణశిక్ష విధించింది. ఈ రెండు శిక్షలనూ పక్కపక్కన బోర్డు మీద రాసి, అంత తేడా ఎందుకో పిల్లల్నే చెప్పమంటాను.