బల్బు వెలగని 24 వోల్టులు

మన ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదివిన వాళ్లకి సార్ చేయించిన ఒక ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. పాత లారీ నుంచి తీసిన, పచ్చగా చిలుము పట్టిన వైరు అతుకు ఒకటి బల్ల మీద పెట్టేవారు. బల్బు లేకుండా మీటర్ పెడితే 24 వోల్టులూ చూపించేది. హెడ్‌లైట్ బల్బు తగిలిస్తే మాత్రం మినుకుమినుకుమనేది. బల్బు ఉండగానే అతుకుకి అటొక పిన్ను, ఇటొక పిన్ను పెట్టమనేవారు. సగానికి పైగా వోల్టేజీ అక్కడే తేలేది. "లోడ్ మీద చూడాలిరా, ఊరికే చూస్తే ప్రతి వైరూ మంచిదే" అనేవారు సార్.

అప్పట్లో బ్రేకంటే ఫుట్ వాల్వు, గాలి, చాంబర్లు. కంప్యూటర్ ఊసే లేదు. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో నా దగ్గరికి వచ్చే పెద్ద బస్సుల్లో చాలావాటికి ఈబీఎస్, అంటే ఎలక్ట్రానిక్ బ్రేకింగ్ సిస్టమ్, ఉంటోంది. పెడల్ ఎంత లోతుకి తొక్కారో సెన్సర్ చెబుతుంది, దాన్నిబట్టి కంప్యూటర్ చక్రాల దగ్గరి బ్రేకులకి గాలి పంపుతుంది. సెన్సర్ రెండు సిగ్నళ్లు పంపుతుంది. రెండూ పొసగకపోతే డ్రైవరు ముందు హెచ్చరిక దీపం వెలుగుతుంది. కరెంటు వైపు పూర్తిగా పోయినా గాలి బ్రేకు పనిచేస్తుంది. కానీ పెడల్ గట్టిగా తొక్కాలి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. లోపల నిద్రపోతున్న జనం ఉంటారు. అందుకే ఈ లోపాన్ని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను.

మొన్నటి వానాకాలంలో ఒక బస్సు వచ్చింది. వేరేచోట ఆ సెన్సర్ ఉండే పెడల్ యూనిట్ మొత్తం కొత్తది వేశారు, అదేమీ తక్కువ ఖరీదు కాదు. వారం తిరక్కుండా దీపం మళ్లీ వచ్చింది. "వాన పడిన మర్నాడే వస్తోంది మేస్త్రీ, ఎండ కాస్తే పోతోంది" అన్నాడు డ్రైవరన్న. సగం రోగం ఆ మాటలోనే దొరికింది. డ్రైవరు చెప్పేది చివరిదాకా వినకుండా లోపం కోడ్‌లు చదివే స్కానర్ తగిలించేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

స్కానర్‌లో ఎస్‌పీఎన్ (లోపం దేనిలోనో చెప్పే నంబరు) 521, ఎఫ్‌ఎంఐ (లోపం ఏ రకమో చెప్పే నంబరు) 2 వచ్చింది. 521 అంటే బ్రేక్ పెడల్ పొజిషన్, 2 అంటే రీడింగ్ నిలకడగా లేదని. సెన్సర్ పాడైందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. చక్రాలకి దిమ్మెలు పెట్టి, లైవ్ డేటా తెరిచి, పెడల్ మెల్లగా తొక్కించాను. రెండు సిగ్నళ్లూ కలిసే పెరిగాయి. కుర్రాణ్ణి ముందు ప్యానెల్ వెనక వైరింగ్ కదపమన్నాను. ఒకచోట పట్టుకోగానే రెండో సిగ్నల్ ఎగిరిపడింది.

కనెక్టర్ ఊడదీయకుండా, వెనకనుంచి సన్నపిన్ను దించి, సెన్సర్ ఎర్త్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మీటర్ పెట్టాను. దాదాపు సున్నా ఉండాల్సిన చోట, వైరు కదిపినప్పుడల్లా అర వోల్టు దాటుతోంది. అద్దం రబ్బరు సందులోంచి నీరు కారి కింది కనెక్టర్‌లోకి చేరింది. విప్పితే ఎర్త్ టెర్మినల్ నిండా పచ్చటి చిలుము, సార్ బల్ల మీది అతుకులాగే. టెర్మినల్, సీలు మార్చి, క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాం. మెలేసి టేపు చుట్టే పని ఇక్కడ పనికిరాదు. రబ్బరు కూడా మార్చకపోతే వచ్చే వానకి బండి మళ్లీ షెడ్డులోనే. కోడ్ చెరిపి, వైరింగ్ మీద నీళ్లు చల్లి కదిపి చూశాం. సిగ్నళ్లు చెదరలేదు. ఆ తర్వాతే రోడ్డు మీద బ్రేకు పరీక్ష.

పాత పెడల్ యూనిట్‌ని ఓనర్ నాకే వదిలేశారు. దాన్నీ, ఆ చిలుము పట్టిన కనెక్టర్‌నీ మన ట్రేడ్ ల్యాబ్‌కి ఇస్తున్నాను. పిల్లలకి బోర్డు మీద బిగించి చూపించాలంటే ఒక ఈబీఎస్ కంట్రోల్ యూనిట్, 24 వోల్టుల సప్లై కూడా కావాలి. స్క్రాప్ బండి నుంచి తీసినవైనా ఫర్వాలేదు. డిపోల్లో, షోరూముల్లో పనిచేస్తున్న మన బ్యాచ్‌ల వాళ్లెవరైనా సర్దగలిగితే మన పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శికి చెప్పండి, బోర్డు బిగించే పని నాది.