దవడ చూసి మంద లెక్క చెప్పడం

బండలాగుడు పోటీల్లో ఎడ్లజతల్ని పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడగొడతారు కదా, నవీన శిలాయుగపు (సేద్యం, పశుపోషణ మొదలైన కాలపు) పశువుల వయసు కట్టేదీ పళ్లతోనే. కాకపోతే తవ్వకాల్లో దొరికే దవడకు ముందుపళ్లు సాధారణంగా ఉండవు. ఒంటివేరు పళ్లు కాబట్టి ఊడి మట్టిలో కలిసిపోతాయి. అందుకే దవడపళ్లు చూడాలి.

కింది దవడలో మొదటి దవడపన్ను సుమారు ఆరు నెలలకు, రెండోది ఏడాదిన్నర లోపు, మూడోది రెండు, రెండున్నరేళ్లకు వస్తాయి. నాటు పశువులకు ఇంకాస్త ఆలస్యం. పాలపళ్లలో చివరిది మూడేళ్లు వచ్చేలోపు రాలుతుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది దీని దగ్గరే. దానికి మూడు గుబ్బలు, మూడో దవడపన్నుకూ మూడే. విడిగా దొరికితే దూడ కాస్తా ముసలి ఎద్దయిపోతుంది! పాలపన్నుకు వెనక గుబ్బ పెద్దది, దవడపన్నుకు వెనకదే చిన్నది. పాలపన్ను వేర్లు సన్నగా, ఎడంగా చాపుకుని ఉంటాయి. కుడి దవడల్ని, ఎడమ దవడల్ని వేరుగా లెక్కపెట్టాలి, లేకపోతే ఒకే పశువు రెండుసార్లు పడుతుంది.

ఏ వయసులో ఎన్ని చచ్చాయో లెక్క తేలాక అసలు చిక్కు, ఆ మందను దేనికోసం పెంచారన్నది. పాల కోసం పెంచితే గొర్రె, మేకల మగపిల్లల్ని పసితనంలోనే కోస్తారు, మాంసానికైతే ఒళ్లు చేశాక కోస్తారు, ఉన్నికైతే ముదిరేదాకా ఉంచుతారు. టర్కీలోని అశ్వాన్ కాలే తవ్వకాల్లో దొరికిన గొర్రెలు, మేకల దవడలు చూసి, పాత జంతు ఎముకల పరిశోధకుడు సెబాస్టియన్ పేన్ 1973లో ఇచ్చిన నమూనా ఇది. ఆవులకు దీన్ని యథాతథంగా అతికించడం నాకు నచ్చదు. దూడ మూతి తగలందే నాటు ఆవు పాలు చేపదని మా విశాఖ దగ్గరి పెందుర్తి, ఆనందపురం వైపు ఏ పాడిరైతైనా చెబుతాడు. దూడ చస్తే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టి పిండుకున్న రోజులున్నాయి. కాబట్టి దూడ ఎముకలు తక్కువగా ఉన్నాయని పాలే పిండలేదనలేం. పైగా లేత ఎముకలు కుక్కలకే పోతాయి, మట్టిని సన్నజల్లెడ పట్టకపోతే పాలపళ్లూ పోతాయి. అందుకే కుండపెంకుల్లో ఇంకిన పాలకొవ్వు గట్టి సాక్ష్యం. వాయవ్య అనటోలియాలో (నేటి టర్కీ) క్రీ.పూ. 7వ సహస్రాబ్ది కుండల్లో అది దొరికిందని 2008లో తేల్చారు.

మన దగ్గర పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులోని నవీన శిలాయుగపు బూడిదదిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వితే దొడ్డి కంచె గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. ఆ బూడిదంతా కాలిన పేడే. పేడను ఎందుకు తగలబెట్టారన్నది ఇప్పటికీ తగువే. పశువుల పండగల మంటలతో ఆల్చిన్ పోల్చాడు.

మిగులు మగదూడను ఏం చేయాలన్నది ఏ కాలంలోనైనా ఉన్న బెడదే. ఇక్కడ సింహాద్రి అప్పన్నకు కోడెను మొక్కుగా ఇస్తారు. ఆనాడు కోసుకునైనా తినాలి, విత్తు కొట్టి ఎద్దునైనా చేయాలి. చిన్నప్పుడే విత్తు కొడితే ఎముక కొసలు ఆలస్యంగా అతుక్కుంటాయి, కాలి ఎముక ఆంబోతుదాని కంటే పొడవుగా, సన్నగా సాగుతుంది. కాడి లాగిన ఎద్దు గిట్టల కీళ్ల దగ్గర అదనపు ఎముక పెరుగుతుంది. బరువైన ముసలి ఆంబోతుకూ అలాగే పెరుగుతుంది గనక, ఒక్క గిట్ట ఎముకతో నాగలి ఉందని రాసేయకూడదు.