కోర్సు ఉంది, ఎంచుకునే వీలు లేదు

రాజాం పరిసరాల్లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. గత జూన్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సంచిలోంచి పాడైన ఫ్యాను రెగ్యులేటరు తీసి, లోపల ఊడిపోయిన తీగను వేలితో చూపిస్తూ, "మాస్టారండీ, కుట్టుపని మా అమ్మ నేర్పేసిందండి, నేను ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటానండి" అని అడిగింది. మా పాఠశాలకు మంజూరైన వృత్తివిద్యా కోర్సు దుస్తుల తయారీ ఒక్కటే. ఎలక్ట్రానిక్స్ పక్క మండలంలో ఉంది. చివరకు ఆమె పేరు కుట్టు రిజిస్టరులోకే ఎక్కింది.

2018లో మొదలైన సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరిస్తూ, తొమ్మిదో తరగతి నుంచే వృత్తివిద్యకు చోటు కల్పించడం మన పిల్లలకు నిజంగా మేలు చేసే పని. దానిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే కోర్సు మంజూరయ్యేది పాఠశాలకే గాని విద్యార్థికి కాదు. ఆ ఊళ్లో పుట్టిన బిడ్డకు ఆ ఊరి బడిలో ఉన్న కోర్సే గతి. స్వయం వంటి ఉచిత ఆన్‌లైన్ వేదికలు పాఠం వినిపించగలవు గాని, టంకం వేసే చేతికి పక్కన నిలబడి దిద్దే మనిషి కావాలి.

అమెరికాలోని లూసియానా రాష్ట్రం 2012లో, తమ బడిలో లేని కోర్సును విద్యార్థి వేరేచోట చదువుకుంటే ప్రభుత్వమే రుసుము చెల్లించే చట్టం చేసింది. ప్రభుత్వ పాఠశాలలకు కేటాయించిన మూలనిధిని అలా మళ్లించడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పగా, ఆ తరువాత ఈ కోర్సుల కోసమే విద్యార్థుల సంఖ్యను బట్టి ప్రత్యేక కేటాయింపు ఏర్పాటు చేశారు. నాకు నచ్చినది ఆ లెక్క కట్టే పద్ధతి. బడికున్న డబ్బు తగ్గకూడదు, బిడ్డ కోరిక మీద వేరే డబ్బు రావాలి.

మన దగ్గర దీనికి కొత్త భవనాలు అక్కరలేదు. చుట్టుపక్కల బడులను ఒక జట్టుగా కలిపే స్కూల్ కాంప్లెక్సులు ఎలాగూ ఉన్నాయి. వాటి పరిధిలోని బడులు శనివారం మధ్యాహ్నం ప్రయోగశాలలను ఒకరికొకరు తెరిచి, శిక్షకుడికి అదనపు గంటలకు గౌరవ వేతనం ఇప్పిస్తే చాలావరకు సరిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వల్ల పల్లెవెలుగులో ఆడపిల్లలకు ఛార్జీ భారం లేదు. మగపిల్లలకు ఆ ఛార్జీ డబ్బు ఇప్పించాలి. అసలు చిక్కు బస్సు వేళలదే. మా దారిలో సాయంత్రం తిరుగు బస్సు తప్పితే చీకటి పడ్డాక గాని మరొకటి రాదు, ఆ వేళకు ఏ తల్లీ కూతురిని పంపదు.

ఈ విషయాలన్నీ రాసి మండల విద్యాశాఖాధికారికి అర్జీ ఇచ్చాను. ఎలక్ట్రానిక్స్ కోసం అటు వెళ్లదలచిన మా పిల్లలు పదకొండు మంది పేర్లతో పాటు, కుట్టు నేర్చుకోవడానికి ఇటు వస్తామన్న అవతలి బడి పిల్లలు నలుగురి పేర్లు కూడా జతచేశాను.