ఇద్దరూ ఒకేసారి

డెప్యుటేషన్ మీద వియన్నా వచ్చిన మొదటి చలికాలం అది. మా ఆవిడ గుంటూరులో నర్సు. ఆమె వీసా కాగితాలు ఎక్కడో ఆగిపోయాయి. రోజూ వాట్సాప్‌లో మాట్లాడుకునేవాళ్ళం. దాంతో ఒక తంటా ఉంది, ఇద్దరం ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరి మాటా తెగిపోయేది. "నువ్వు చెప్పు", "కాదు, మీరే చెప్పండి" అనుకోవడంతోనే సగం టైమ్ అయిపోయేది.

ఒక శుక్రవారం మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ వాయిదా పడింది. గదికి పోతే హీటరూ నేనూ. స్టేట్ ఒపేరా, అంటే మాటలన్నీ పాటగానే సాగే నాటకాలు ఆడే హాలు, దాని పక్కన క్యూ కనిపిస్తే వెళ్ళి నిలబడ్డాను. నిలబడి చూసే టికెట్ అప్పట్లో 3, 4 యూరోలే. లోపల కమ్మీకి మఫ్లర్ కట్టి చోటు ఆపుకోవాలని ఒక పెద్దావిడ సైగలతో చూపించింది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి పెరిగినవాణ్ణి, నాకు ఒకరు నేర్పాలా!

ఆ రోజు ఇటలీ స్వరకర్త పుచ్చీని 'లా బొహేమ్'. 1896లో ఇటలీలోని ట్యూరిన్‌లో మొదటిసారి ఆడారట. కథ జరిగేది పారిస్‌లో. క్రిస్మస్ ముందు రాత్రి, మేడ మీద చలి గది. కట్టెలు లేక తను రాసిన నాటకాన్నే పొయ్యిలో వేసిన కవి రొడాల్ఫో. అదే ఇంట్లో ఉండే మిమీ, బట్టల మీద పువ్వులు కుట్టి బతికే పిల్ల, ఆరిపోయిన కొవ్వొత్తి వెలిగించుకోవడానికి వస్తుంది. తాళంచెవి పడేసుకుంటుంది. అది రొడాల్ఫోకి దొరికితే చప్పుడు చేయకుండా జేబులో వేసుకుంటాడు. చీకట్లో తడుముకుంటుంటే ఆమె చల్లటి చెయ్యి తగులుతుంది.

ముందు అతను తన గురించి పాడాడు, తర్వాత ఆమె. ఇంతవరకూ నాకు కొత్తేమీ అనిపించలేదు. మా తాతయ్యతో పద్యనాటకాలు చూసినవాణ్ణే. అక్కడా ఒకరు రాగం తీసి ముగించాక ఇంకొకరు ఎత్తుకుంటారు. ఇక్కడ ఎవరూ 'వన్స్ మోర్' అని అరవలేదు, అంతే తేడా.

తర్వాత కిటికీలోంచి వెన్నెల ఆమె మీద పడింది. అతను మొదలుపెట్టాడు. అతను ఆపకముందే ఆమె అందుకుంది. ఇద్దరివీ వేరే మాటలు, వేరే దారులు, అయినా ఏ గొంతూ తెగలేదు. కమ్మీ మీద చిన్న తెరలో అర్థం వస్తూనే ఉంది కానీ చదవడం మానేశాను. మైకులు లేవు. కింద అంత పెద్ద వాద్యబృందాన్ని దాటుకుని, ఎక్కడో వెనక నిలబడ్డ నా పక్కటెముకల్లోకి ఆ శబ్దం వచ్చింది. ఇయర్‌ఫోన్లో వినే గొంతుకి ఒళ్ళు ఉండదు. దీనికి ఉంది.

మొదటి అంకం చివర్లో ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తలుపు దాటి వెళ్ళిపోయారు. పాట ఆగలేదు. ఖాళీ గది, మనుషులు లేరు, గొంతులు మాత్రం బయటినుంచి వస్తున్నాయి. ఆమె స్వరం పైపైకి వెళ్ళింది. అతను ఆమెతో పోటీ పడకుండా కింద ఉండిపోయాడు. చాలామంది గాయకులు అక్కడ తామూ పైకి వెళ్తారనీ, పుచ్చీని రాసింది మాత్రం కింది స్వరమేననీ తర్వాత తెలిసింది. నాకైతే ఆ కింద ఉండటమే నచ్చింది.

మనిషి లేని గదిలో గొంతు. ఆరు నెలలుగా నా ఇల్లు అదే కదా. పక్కనున్న పెద్దావిడ నావైపు చూడకుండా టిష్యూ అందించింది.

రెండో అంకం తర్వాత విరామం. గుంటూరులో అర్ధరాత్రి దాటింది, ఆమెకి నైట్ డ్యూటీ. మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేశాను.

"ఏమైందండీ, ఈ టైమ్‌లో?" అని ఆమె, "వినిపిస్తోందా?" అని నేను, ఒకేసారి అన్నట్టున్నాం. రెండూ తెగిపోయాయి.

కాసేపాగి, "మీరే చెప్పండి" అంది.

"తిన్నావా?" అన్నాను.